చెల్లని అమ్మకాల పక్షోత్సవం

మా ఊరి పేరు చెప్పను. చెబితే దానికీ ఒక డోర్ నంబరు ఇచ్చి వేలం వేసేస్తారని భయం. రెండేళ్ల కిందటి వేసవిలో, ఒక్క నెల రోజుల్లో, మా మునిసిపాలిటీ ఇంటిపన్ను బకాయిల కింద నలభై ఒక్క ఆస్తులు అమ్మింది. ఆ నలభై ఒకటీ కొన్నవాణ్ణి నేనే. నా పేరు బలగ తవిటయ్య. మునిసిపల్ ఆఫీసు గేటు పక్కన టీ బడ్డీ నడుపుతాను.

ఇంత ఆస్తిపరుణ్ణి ఎలా అయ్యానో చెప్పాలంటే ముందు మా ఆఫీసులో వేలంపాట జరిగే పద్ధతి చెప్పాలి. పాటకి కనీసం ముగ్గురు ఉండాలని రూలు. విరిగిపడిన కొమ్మలైనా, చెత్తబండి పాత టైర్లైనా ముగ్గురూ ఉండాల్సిందే. నిజంగా కొనడానికి వచ్చేవాడు మాత్రం ఎప్పుడూ ఒక్కడే. అందుకని బిల్ కలెక్టర్ సన్యాసిరావు నా బడ్డీ దగ్గరికొచ్చి నన్నూ, సైకిల్ షాపు గంగుల్నీ లోపలికి పిలుస్తాడు. సర్కారు పాట గంగులు అంటాడు. దాని మీద నేను వంద పెంచుతాను. అసలువాడు ఇంకో వంద పెంచి పట్టుకుపోతాడు. మేం మా పనుల్లోకి వచ్చేస్తాం. పదకొండేళ్లుగా ఈ పని చేస్తున్నాం, ఏనాడూ ఏదీ మా నెత్తిన పడలేదు.

ఆ మార్చి ముప్పై ఒకటో తారీఖు సాయంత్రం నాలుగింటికి సన్యాసిరావు పరిగెత్తుకొచ్చాడు. నూటికి నూరు శాతం వసూలు చెయ్యాలని పైనుంచి హుకుం. ఊరంతా కట్టేసింది, ఒక్క నంబరు మిగిలింది. ఆ ఒక్కటీ చీకటి పడేలోగా వేలంలో పోతే మా కమిషనర్ గారికి షీల్డు వస్తుంది.

"అసలోడు ఎవడు?" అని అడిగాను.

"ఎవుడో ఒకడు. లోనకి రా ముందు," అన్నాడు.

మూడో మనిషి కోసం బర్త్ సర్టిఫికెట్ల లైన్లో నిలబడ్డ ఒకాయన్ని పట్టుకొచ్చి కూర్చోబెట్టాడు. గంగులు సర్కారు పాట అన్నాడు. నేను అలవాటు ప్రకారం వంద పెంచాను. ఇంక ఆయన పెంచాలి. సరిగ్గా అప్పుడే బయట ఆయన నంబరు పిలిచారు, ఆయన లేచి వెళ్లిపోయాడు. "ఒకటోసారి, రెండోసారి, మూడోసారి," అన్నారు రెవెన్యూ ఆఫీసర్ కామేశం గారు. ఆఫీసు వాళ్లు నాలుగేళ్లుగా నాకివ్వాల్సిన టీ డబ్బుల్లో ఆ పాట సొమ్ము మినహాయించుకున్నారు. నేను కొన్నది ఏమిటో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. పాత టైర్లనుకున్నాను.

మర్నాడు పొద్దున్న బడ్డీ తెరిచేసరికి కోరాడ పైడయ్య వచ్చి నిలబడ్డాడు. పైడయ్యది కారం మర. ఊళ్లో పిండిమరలు నాలుగున్నాయి గానీ మిరపకాయలు ఆడించేది ఆయనొక్కడే. మా ఆవిడ అప్పలకొండకి వరసకి అన్న, అంటే నాకు బావ. చేతిలో పాలిథిన్ సంచి, అందులో పన్ను రసీదులు.

"నా మర నువ్వు కొనీసినావేటి బావా?" అన్నాడు.

మర షట్టరుకి గుడ్డ చుట్టి, లక్క సీలు వేసి, కాగితం అంటించారట. ఆ కాగితం మీద కొనుగోలుదారు బలగ తవిటయ్య అని నా ఇంటిపేరుతో సహా ఉందట.

"పన్ను కట్టలేదేటి బావా నువ్వు?" అన్నాను.

"ఏటేటా కడతన్నాను. ఇయ్యిగో," అని సంచి నా ముందు కుమ్మరించాడు. పద్దెనిమిదేళ్ల రసీదులు, ఒక్కటీ తప్పలేదు. అన్నిటి మీదా డోర్ నంబరు 7-43. వేలం వేసింది 11-2-19.

సంగతేమిటంటే, అంతకు మూడేళ్ల ముందు ఊరంతటికీ కొత్త నంబర్లు ఇచ్చారు. నంబరు రేకులు కొట్టేవాళ్లు పైడయ్య మర దగ్గరికి వచ్చినప్పుడు లోపల కారం ఆడుతోంది. గోడ దగ్గరికి వెళ్లబోతే తుమ్ములు ఆగలేదు. కళ్లమ్మట నీళ్లు కారుతుంటే ఆ రేకుని తీసుకెళ్లి ఎదురుగా ఉన్న కరెంటు స్తంభానికి కొట్టి వెళ్లిపోయారు. అప్పట్నుంచి 11-2-19 నంబరుకి రావాల్సిన డిమాండ్ నోటీసులన్నీ ఆ స్తంభానికే మైదా జిగురుతో అంటించారు. సన్యాసిరావు అంటించి, ఫొటో తీసుకుని వెళ్లేవాడు. ఆ వెనకే మేకలు వచ్చి తినేసేవి. పైడయ్య చిన్నప్పట్నుంచీ తెలిసిన 7-43కే పన్ను కట్టేవాడు, ఆఫీసు కౌంటర్లో సంతోషంగా తీసుకునేవాళ్లు.

ఇద్దరం కామేశం గారి దగ్గరికి వెళ్లాం. కామేశం గారు ముప్పై ఏళ్ల సర్వీసున్న మనిషి. ఇంట్లో మంచినీళ్లు అడగాలన్నా "ఇందుమూలముగా" అని మొదలుపెడతారని చెప్పుకుంటారు. రసీదులన్నీ ఓపిగ్గా చూశారు.

"పైడయ్యా, నువ్వు ఆదర్శ పన్ను చెల్లింపుదారుడివి. నీ 7-43 సురక్షితంగా ఉంది. దాని జోలికి ఈ కార్యాలయం పోలేదు, పోదు. అమ్మబడినది 11-2-19."

"రెండూ ఒకే మరండి బాబూ."

"భౌతికంగా ఒకటే అయి ఉండవచ్చును. రికార్డు ప్రకారం వేరు."

నాకు ఒళ్లు మండింది. ఆయన్ని రెక్క పట్టుకున్నంత పని చేసి మర దగ్గరికి తీసుకెళ్లాను. స్తంభానికి ఉన్న రేకు చూశారు, మర చూశారు. కింద మేకలు ఆయన చేతిలో ఫైలు వంక చూస్తున్నాయి. కామేశం గారు మంచి మనిషి, అబద్ధం ఆడరు. ఆఫీసుకి తిరిగొచ్చి కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఈ అమ్మకం చెల్లదు," అన్నారు.

పైడయ్య మొహం వెలిగిపోయింది. "అయితే రద్దు సేసీయండి బాబూ."

"చెల్లిన అమ్మకాన్ని రద్దు చేయుటకు నాకు అధికారం కలదు. చెల్లని అమ్మకాన్ని ఎట్లు రద్దు చేయుదును? అది చట్టం దృష్టిలో లేనే లేదు గదా. లేనిదానిని తీసివేయుట ఎవరి తరము?"

"లేనప్పుడు సీలెందుకండీ? తీసెయ్యండి," అన్నాను.

"అమ్మకం ఖరారై, కొన్నవానికి స్వాధీనం చేయువరకు సీలు ఉండవలెను."

"కొన్నవాణ్ణి నేనే. నాకు స్వాధీనం చెయ్యండి. నేను బావకిచ్చేస్తాను."

"చెల్లని అమ్మకాన్ని ఖరారు చేయమంటావా తవిటయ్యా? నా సర్వీసులో అట్టి తప్పిదము ఎరుగను," అన్నారాయన, నిజంగానే నొచ్చుకుని.

అప్పటికి ఏప్రిల్ మొదలైంది. మా ఊళ్లో ఏప్రిల్, మే అంటే ఆవకాయ కారం. పైడయ్య ఏడాది తిండి ఈ రెండు నెలల్లోనే సంపాదించుకుంటాడు. మిగతా పది నెలలూ మర మీద పిల్లి పడుకుంటుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. సీలు వేసే నాటికి జనం ఇచ్చిన పద్నాలుగు డబ్బాల మిరపకాయలు లోపలే ఉండిపోయాయి. ప్రతి డబ్బా మీదా సుద్దముక్కతో పేరు రాసి ఉంది. ఆ ఆడవాళ్లు రోజూ పైడయ్య ఇంటికెళ్లి తిడుతున్నారు. ఆయన మాత్రం పొద్దున్నే వచ్చి సీలు వేసిన షట్టరు ముందు కూర్చుంటాడు, సాయంత్రం లేచి వెళ్తాడు.

ఇంట్లో నా పరిస్థితి చెప్పక్కర్లేదు. "మా అన్న మర కొన్నోడివి, అందులోనే వండుకు తిను," అంది అప్పలకొండ. మూడు రోజులు బడ్డీలో బన్నులు తిన్నాను.

పదో తరగతి దాకా చదివినవాణ్ణి గనక నేనే అర్జీ రాశాను. చెల్లని అమ్మకాన్ని సరిదిద్దే దారి చూపించమని, కొన్నవాడూ పోగొట్టుకున్నవాడూ ఇద్దరం సంతకాలు పెట్టి రాజధానికి పంపాం. పదిహేను రోజుల్లో జవాబు వచ్చింది. సర్కారు అంత త్వరగా కదులుతుందని మేం కలలో కూడా అనుకోలేదు. మా ఒక్క ఊరికే కాదు, రాష్ట్రంలో అన్ని మునిసిపాలిటీలకీ వచ్చింది. "చెల్లని అమ్మకాల సవరణ పక్షోత్సవాలు" జరపాలట. ప్రతి మునిసిపాలిటీ తక్కువలో తక్కువ నలభై చెల్లని అమ్మకాలను గుర్తించి, సభలో సవరణ పత్రాలు పంచి, ఫొటోలు పంపాలట. పక్షోత్సవాల్లో తప్ప ఇంకెప్పుడూ సవరించకూడదట.

కమిషనర్ గారు మీటింగు పెట్టారు. టీలు ఇవ్వడానికి నేను లోపలే ఉన్నాను.

"మన దగ్గర ఎన్ని ఉన్నాయి?"

"ఒకటి సార్," అన్నారు కామేశం గారు.

"ఒకటా!" కమిషనర్ గారి మొహం మాడిపోయింది. "ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారయ్యా మీరంతా? పక్క మునిసిపాలిటీలో అరవై రెండు ఉన్నాయట. వాళ్లూ మనలాంటి ఉద్యోగులే కదా?"

కామేశం గారు మెల్లగా, "అమ్మకాలను నిబంధనల ప్రకారం జరుపుటయే మా అలవాటు సార్. ఆ ఒక్కటీ పొరపాటున జరిగినది," అన్నారు.

"ఆ పొరపాటే నలభైసార్లు చెయ్యడానికి ఏం రోగం? మూడు రోజులు టైమిస్తున్నాను. ఇంకో ముప్పై తొమ్మిది అమ్మండి. ఒక్కటి కూడా చెల్లకూడదు. చెల్లిందో, సంబంధిత సిబ్బందే బాధ్యత వహించాలి."

ఆఫీసు అంత కష్టపడి పనిచెయ్యడం ఆ మూడు రోజుల్లో తప్ప నేనెప్పుడూ చూడలేదు. ముందు ఏప్రిల్‌తో మొదలైన కొత్త ఏడాది బకాయిదార్ల జాబితా తీశారు. కామేశం గారు దాన్ని విసిరికొట్టారు. "బకాయి ఉన్నవాని ఇల్లు అమ్మిన ఎడల అమ్మకం చెల్లిపోవును! పన్ను పూర్తిగా కట్టినవారిని మాత్రమే తీయుడు." అలా ఊళ్లో పైసా బాకీ లేని పెద్దమనుషులందర్నీ ఏరారు. రిటైరైన హెడ్మాస్టరు గారు పన్ను ప్రతి ఏటా ముందే కడతారు గనక ఆయన పేరు అన్నిటికన్నా పైన పెట్టారు. నోటీసులన్నీ తీసుకెళ్లి ఆ కరెంటు స్తంభానికే అంటించారు. ఆ మూడు రోజులూ మేకలు వేరే మేత ముట్టలేదు.

పాటకి మళ్లీ మేమే. గంగులు మొదలుపెడతాడు, నేను వంద పెంచుతాను, మూడోవాణ్ణి బయట ఎవరో పిలుస్తారు. పద్ధతి మార్చొద్దని కామేశం గారు గట్టిగా చెప్పారు. మొదటిసారి ఎలా చెల్లకుండా పోయిందో ప్రతిసారీ అలాగే పోవాలట. డబ్బు మాత్రం అడగలేదు, సొమ్ము కట్టకపోతే అమ్మకం ఇంకా గట్టిగా చెల్లదని. మూడో రోజు సాయంత్రానికి హెడ్మాస్టరు గారి ఇల్లు, రెండు ఆసుపత్రులు, ఒక కల్యాణ మండపం, ఆఖరికి సన్యాసిరావు సొంతిల్లూ నావయ్యాయి. అదృష్టం, ఆఫీసులో లక్క అయిపోవడం వల్ల వేటికీ సీళ్లు వెయ్యలేదు.

"ఇన్ని ఇళ్లు కొన్నావు కదా, మన వంటింటి మీద రేకు ఎప్పుడు మారుస్తావు?" అంది అప్పలకొండ.

"అన్నీ తిరిగిచ్చెయ్యడానికే. వాటితోపాటు మీ అన్నది కూడా వచ్చేస్తుంది," అన్నాను. ఆ పూట అన్నం పెట్టింది.

పక్షోత్సవం రోజు ఆఫీసు ముందు షామియానా వేశారు. పైడయ్య ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, రసీదుల సంచి ఒళ్లో పెట్టుకుని రెండో వరసలో కూర్చున్నాడు. కామేశం గారు స్వయంగా వచ్చి, "అసలు సిసలైన కేసు నీది ఒక్కటే. అందుచేత గౌరవంగా చిట్టచివర పెట్టితిమి," అని చెప్పి వెళ్లారు. పైడయ్య పొంగిపోయాడు. నా వైపు తిరిగి, "రేపట్నుంచి పగలూ రేతిరీ ఆడించినా సీజను అందుకుంటాను బావా," అన్నాడు.

కమిషనర్ గారు గంటసేపు మాట్లాడారు. పారదర్శకత అన్నారు, జవాబుదారీతనం అన్నారు, తప్పు చెయ్యడం మానవ సహజం గానీ దాన్ని లక్ష్యానికి అనుగుణంగా చెయ్యడం పరిపాలన అన్నారు. తర్వాత పేర్లు పిలిచారు. హెడ్మాస్టరు గారు వెళ్లి, తన ఇల్లు ఎప్పుడు పోయిందో తెలీకుండానే తిరిగొచ్చినందుకు శాలువా కప్పించుకున్నారు. ఒక్కొక్కరికీ పత్రం, ఫొటో, చప్పట్లు. ముప్పై తొమ్మిది అయ్యాయి. పైడయ్య లేచి చొక్కా సర్దుకున్నాడు.

"నలభై, బస్ షెల్టరు!" అని పిలిచాడు సన్యాసిరావు.

సంగతి నాకు అప్పుడు తెలిసింది. సన్యాసిరావుకి ముప్పై తొమ్మిది అమ్మమని చెబితే, ఎక్కడైనా ఒకటి పొరపాటున చెల్లిపోతే అక్కరకొస్తుందని ఇంకొకటి అమ్మి ఉంచాడు. పాడుతున్నప్పుడు నేను లెక్కపెట్టుకోలేదు. బస్ షెల్టరు సొంతదారు మునిసిపాలిటీయే గనక సవరణ పత్రం కమిషనర్ గారే ఇచ్చి, కమిషనర్ గారే పుచ్చుకున్నారు. శాలువా కామేశం గారు కప్పారు. జాతీయ గీతం మొదలైంది. పైడయ్య ఎలాగూ లేచే ఉన్నాడు.

సభ అయ్యాక వెళ్లి అడిగాం. కమిషనర్ గారు విసుక్కోలేదు, పాపం. "చూడు పైడయ్యా, లక్ష్యం నలభై. నలభై ఒకటి చేశామంటే, ముందే ఎందుకు గుర్తించలేదని పైనుంచి సంజాయిషీ అడుగుతారు. వచ్చే ఏడాది పక్షోత్సవాల్లో మొట్టమొదటి పేరు నీదే. రాసి పెట్టుకోండి కామేశం గారూ."

"వచ్చే ఏడాది దాకా ఏటి తినాలండి?" అన్నాడు పైడయ్య. ఆ మాట కూడా మెల్లగానే అన్నాడు. కమిషనర్ గారికి ఫోనొచ్చింది. పైడయ్య మర దాకా నడిచి వెళ్లి షట్టరు ముందు ఎప్పట్లాగే కూర్చున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. నా జన్మలో అంత సిగ్గుపడ్డ రోజు లేదు. పదకొండేళ్లుగా ఏం అమ్ముతున్నారో అడక్కుండా వంద పెంచుతూ వచ్చాను, అందులో ఇంకెవరి షట్టర్లు మూతపడ్డాయో.

నాలుగో రోజు పొద్దున్న ఆఫీసు అటెండరు ఆయాసపడుతూ నా బడ్డీకొచ్చాడు. కమిషనర్ గారి భార్యకి పుట్టింటి నుంచి వచ్చిన మిరపకాయలు, పద్నాలుగు డబ్బాల్లో ఒక డబ్బా, లోపలే ఉన్నాయట. ఇవాళ ఇంట్లో యాభై మామిడికాయలు కొట్టించేశారట. ముక్కలు పళ్లెంలో ఉన్నాయి, కారం లేదు. కొట్లో అమ్మే కొట్టు కారం ఆవిడ ముట్టదట. కొన్నవాడి సంతకం కావాలి, నన్ను వెంటనే తీసుకురమ్మన్నారట.

వెళ్లేసరికి కామేశం గారు ఉత్తర్వు రాస్తున్నారు. ఇన్నాళ్లూ లేని అధికారం ఆ పూట ఎక్కడ దొరికిందో నేను అడగలేదు.

"కమిషనర్ గారి డబ్బా ఒక్కటే అని రాస్తారా బాబూ?" అన్నాను అమాయకంగా. "ఆడిట్ వాళ్లు చూస్తే బాగుంటుందా?"

కామేశం గారు కలం ఆపారు. ముప్పై ఏళ్లలో ఆయన ఫైలు మీద ఒక్క ఆడిట్ అభ్యంతరం రాలేదు. గంభీరంగా రాశారు: "మర లోపల గల డబ్బాలన్నియు ఆడించుట పూర్తియగు పర్యంతము సీలు తొలగించి ఉంచవలెను. లోపల డబ్బా ఏదియు మిగులలేదని స్వయముగా తనిఖీ చేసిన పిమ్మట తిరిగి సీలు వేయవలెను."

నేను సంతకం పెట్టి, ఇంటికెళ్లి, అప్పలకొండ చెవిలో ఒక్క మాట చెప్పాను. తర్వాత ఏ ఇంటికి ఏ మాట వెళ్లిందో ఆడవాళ్లకే తెలియాలి.

సన్యాసిరావు సీలు తీశాడు. పైడయ్య షట్టరెత్తి, మర మీద దుమ్ము తుడిచి, బెల్టు సరిచూసుకుని మోటారు వేశాడు. నెల రోజుల తర్వాత ఆ చప్పుడు వింటే నాకే ఏడుపొచ్చింది. తొలి డబ్బా కమిషనర్ గారిది. అది బయటికి వెళ్తుండగా లోపలి గడియ తీసిన వెనక తలుపులోంచి రెండు డబ్బాలు లోపలికొచ్చాయి. కామేశం గారు తనిఖీకి గుమ్మం దగ్గర నిలబడి లెక్కపెడుతున్నారు. పద్నాలుగు, పదిహేను, పదిహేడు. వీధంతా ఆడవాళ్లు డబ్బాలు పట్టుకుని నిలబడ్డారు.

"ఇవి ఉత్తర్వు నాటి డబ్బాలు కావు గదా!" అన్నారు.

"ఉత్తర్వులో తారీఖు రాయలేదు కదండీ," అన్నాను.

జేబులోంచి ఉత్తర్వు తీసి చదువుకున్నారు. ఏదో అనబోయారు గానీ అప్పటికి కారం ఘాటు గుమ్మం దాకా వచ్చేసింది. ఇరవై మూడు తుమ్ములు తుమ్మి, "పని పూర్తి కాలేదు," అని రాసుకుని వెళ్లిపోయారు.

పని ఇప్పటికీ పూర్తి కాలేదు. మరుసటి ఏడాది పక్షోత్సవాలే లేవు, దాని బదులు మొక్కలు నాటమన్నారు. రికార్డు ప్రకారం మర ఇంకా నాదే, చెల్లదు. పైడయ్య ఇప్పుడు రెండు నంబర్లకీ పన్ను కట్టి రెండు రసీదులూ సంచిలో పెట్టుకుంటున్నాడు. వేలానికి పిలిస్తే నేను వెళ్లడం లేదు. మూడు నెలలకోసారి సన్యాసిరావు తనిఖీకి వస్తాడు. మర మూలన బలగ తవిటయ్య అని సుద్దముక్కతో రాసిన డబ్బా ఒకటి ఉంటుంది. మూత తీసి చూస్తాడు. నిండా మిరపకాయలు. మూత పెట్టేసి, ఆడించవలసిన డబ్బా ఒకటి మిగిలి ఉన్నదని రాసుకుని నా బడ్డీలో టీ తాగి వెళ్తాడు.

ఆ మిరపకాయలు పురుగు పట్టకుండా ఏడాదికోసారి అప్పలకొండ మారుస్తుంది. ఆడించడానికి మాత్రం వీల్లేదు, నా పేరున ఏ డబ్బా ఆడినా పని పూర్తయిందని మళ్లీ సీలు వేస్తారు. ఊరందరి ఆవకాయలోనూ పైడయ్య మర కారమే. మా ఇంట్లో రెండేళ్లుగా కొట్టు కారంతో సరిపెట్టుకుంటున్నాం.